ఎడమచేతి పిల్లవాడి తల్లి

మురోతో,
ఆగస్టు మొదటి వారం

సముద్రం మీద ఉన్న మీకు నమస్కారాలు.

ఇంట్లో అత్తయ్య, నొబు, నేను కులాసాగానే ఉన్నాం. అక్కడ మీరూ, ఓడలో తక్కినవాళ్ళూ ఆరోగ్యంగా ఉన్నారనీ, చేపల తాళ్ళు మంచి బరువుతో పైకి వస్తున్నాయనీ తలుస్తాను. ఈ ఉత్తరాన్ని కంపెనీ ఆఫీసులో ఇస్తే, సామాను తెచ్చే ఓడతో లాస్ పాల్మాస్ రేవుకు చేరుస్తామన్నారు. మీరు చదివేవేళకు ఇక్కడ ఎండలు తగ్గి, చిలగడదుంపలు తవ్వే రోజులు వస్తాయి. రాసేటప్పుడు ఒక ఋతువు, చదివేటప్పుడు ఇంకొకటి. అందుకే మీకు ఉత్తరం రాస్తుంటే నాకు ఎప్పుడూ సగం నిద్రలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

మీరు అడిగినవి వరసగా చెబుతాను. లేకపోతే నాకు స్థిమితం ఉండదు. మీరు పంపిన డబ్బు అందింది, లెక్క సరిపోయింది. కప్పుకు తూర్పువైపు తారు పూయించాను. వానలకు ఒక్క చుక్క కూడా కారలేదు. అత్తయ్య మోకాళ్ళు వానాకాలంలో బాగా ఇబ్బంది పెట్టాయి, ఇప్పుడు ఫరవాలేదు. రోజూ పొద్దున రేవు గోడదాకా నడిచి, సముద్రాన్ని మీ గురించి ఏదో అడిగి వస్తారు. సముద్రం ఏం చెప్పిందని అడిగితే, "నీకెందుకే, మా తల్లీ కొడుకుల సంగతి" అంటారు. కొండమీది తోటలో బివా పండ్లు ఈ ఏడు చిన్నవే అయినా తియ్యగా కాశాయి. కాయ కాయకూ కాగితం సంచి కట్టాను. కట్టిన సంచులు పొగమంచులో తెల్లగా వేలాడుతుంటే, కొండంతా బేస్‌బాల్ బంతులు కాసినట్టు కనిపించింది.

మీ ఆఖరి ప్రశ్నకు మాత్రం ఒక్క ముక్కలో జవాబు రాయలేను. "ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు మనిషి మన నొబును చూడటానికి ఇంకా వస్తున్నాడా? ఏమంటున్నాడు?" అని అడిగారు. దాని కింద, "నొప్పి ఉంటే మింగడం నేర్పు. మంచు తాడు చేతులు కోసినా నేను వదల్లేదు" అని రాశారు. మీ ఉత్తరాన్ని అన్నాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. ఆ ఒక్క వాక్యం చదవలేదు. ఎందుకో చెప్పడానికే ఇంత కాగితం తీసుకున్నాను.

ఆ మనిషి పేరు ఇవాగకి గారు. మార్చిలో మొదటిసారి వచ్చారు. మీకంటే పెద్దవారు. గడ్డిటోపీ పెట్టుకుని, వేగం కొలిచే యంత్రాన్ని తువ్వాలులో పసిపిల్లవాణ్ణి చుట్టినట్టు చుట్టుకుని బస్సు దిగేవారు. బడి మైదానంలో వల వెనక మడతకుర్చీ వేసుకుని కూర్చుంటే, చీకటిపడేదాకా కదిలేవారు కాదు. కొండమీద బట్టలు ఆరేస్తుంటే నొబు వేసే బంతి క్యాచర్ గ్లవ్‌లో పడే శబ్దం నాకు వినిపించేది. బంతి కనిపించదు, మనుషులు కనిపించరు. పొగమంచులోంచి ఆ శబ్దం ఒక్కటే మెట్లెక్కి వచ్చినట్టు వచ్చేది. ఆ శబ్దానికి తగ్గట్టు నేను దుప్పటి దులిపేదాన్ని.

నియమం మీకు తెలిసిందే. వేసవి పోటీలు ముగిసేదాకా ప్రొఫెషనల్ జట్టువాళ్ళు పిల్లవాడితో గాని, ఇంటివాళ్ళతో గాని ఒక్క మాట మాట్లాడకూడదు. మాట్లాడారని తెలిస్తే బడిని పోటీల నుంచే తీసేస్తారు. అందుకని ఆయన మన గుమ్మం తొక్కలేదు. మైదానంలో టీ పోయడం మాత్రం తల్లుల వంతు కాబట్టి, జూన్ మొదట్లో నా వంతు వచ్చినప్పుడు వెళ్ళాను. ఆ రోజు నాతోపాటు వంతు తొకియెది. అదే, టోఫు కొట్టు తొకియె. వాళ్ళ కెంజీయే కదా మనవాడి బంతులు పట్టేది.

కెటిల్లో బార్లీ టీ చల్లారుతుండగా తొకియె నన్ను నీడలోకి లాగింది.

"వదినా, నువ్వు ఆయన కంట పడకు" అంది.

"ఎందుకే?"

"పిల్లవాణ్ణి ఏరుకునేవాళ్ళు ముందు తల్లిని చూస్తారట. తల్లి నడుము చూసి, వీడు ఇంకెంత గట్టిపడతాడో చెబుతారట. జట్టుకు ఆట నేర్పే మాస్టారి భార్యే చెప్పింది. నిన్ను చూశాడనుకో, ఈ ఎండుచేప కడుపున పుట్టినవాడు ఏం గట్టిపడతాడులే అని సాయంత్రం బస్సెక్కి పోతాడు."

"నువ్వు నన్ను తిడుతున్నావా, సాయం చేస్తున్నావా?"

"రెండూ" అంది. "మా కెంజీ కూడా నీ కొడుకు బంతి మీదే బతుకుతున్నాడు. ఆ మనిషి వస్తూ ఉండాలి. వస్తూ ఉంటే మాస్టారు హుషారుగా ఉంటారు, జట్టు గెలుస్తుంది. నువ్వు ఊరుకో."

అప్పుడే ఇవాగకి గారు ఎవరినీ చూడకుండా, గాలితో అన్నట్టు, "ఎడమచేతి పిల్లవాడి తల్లిగారు కూడా ఇవాళ టీ పనికి వచ్చారేమో" అన్నారు. తొకియె చేతులు తుడుచుకుంటూ ముందుకు వెళ్ళి, తన వెడల్పంతా కనిపించేలా నిలబడి, వంగి నమస్కరించింది. అంతటితో ఆగకుండా వల దగ్గరికి పోయి, "నొబూ, నడుం వంచరా, అన్నం తినలేదా" అని అరిచింది. అది విని కెంజీ బంతి జారవిడిచాడు. వాళ్ళమ్మ పక్కింటివాడికి తల్లయిపోవడం వాడు ఎప్పుడు చూశాడు గనక.

నాకు నవ్వు ఆగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ తర్వాత జరిగినదానికి మాత్రం నవ్వలేను.

తొకియె ఐస్ తేవడానికి వెళ్ళింది. ఆయన కప్పు ఖాళీగా ఉంటే నేను టీ పోయడానికి వెళ్ళాను. "మీ అబ్బాయి ఎవరమ్మా?" అని అడిగారు. అబద్ధం మొదలయ్యాక మధ్యలో దిగడానికి మెట్లు ఉండవు కదా. "అదిగోండి, క్యాచర్" అన్నాను. ఆయన తలూపారు. అంతలో సముద్రం వైపు నుంచి ఒక్కసారి గాలి కొట్టి ఆయన గడ్డిటోపీ ఎగిరింది. కెటిల్ నా కుడిచేతిలో ఉంది. టోపీ నేల తాకకముందే ఎడమచేత్తో పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో నాకే తెలియదు. చిన్నప్పుడు మా అమ్మ నా ఎడమచేయి మీద కొట్టి కొట్టి, రాతా తిండీ కుడిచేతికి మార్పించింది. ఆ చేయి ఇన్నేళ్ళూ నిద్రపోతోందనుకున్నాను.

ఆయన టోపీ తీసుకుని, నా చేతిని కాసేపు చూశారు. "పాపం, ఈ చేయి మీ అబ్బాయికి రాలేదన్నమాట. క్యాచర్ కుడిచేతివాడు కదా" అన్నారు. మొహం మామూలుగానే ఉంది. నేను నేల చూశాను.

ఆ తర్వాత ఆయన మైదానం వైపు తిరిగి, నాతో కాకుండా నా పక్కనున్న గాలితో మాట్లాడుతున్నట్టు మాట్లాడారు.

"మీ అబ్బాయి గ్లవ్‌లో శబ్దం మారిందమ్మా. మార్చిలో ఎండుకట్టె విరిగినట్టు ఉండేది. ఇప్పుడు తడిబట్ట బండకేసి కొట్టినట్టు ఉంటోంది. ఇందులో మీ అబ్బాయి తప్పేం లేదు. అవతల బంతి వేసేవాడి మోచేయి కిందికి జారింది. నొప్పిని దాస్తున్నాడు. మొండివాడు. వాళ్ళమ్మకి తెలిసి ఉండదు."

"తెలియదండి" అన్నాను.

"ఈ వేసవంతా ఇలాగే వేస్తే, ఆ చేయి అన్నం గిన్నె ఎత్తడానికి తప్ప మరి దేనికీ మిగలదు. ఇలాంటి చేతుల్ని నేను చాలా చూశాను. వాళ్ళ ఊళ్ళకు మళ్ళీ వెళ్ళలేకపోయాను."

"అయితే అతను పనికిరాడని రాసేస్తారా?"

ఆయన యంత్రాన్ని తువ్వాలులో చుట్టసాగారు. మైదానం మీదికి పొగమంచు దిగుతోంది. నొబు బంతి వేసే మట్టిదిబ్బ మీద ఒక్కడే నిలబడి, నీళ్ళలో మునిగినవాడిలా కనిపించాడు.

"వాడి బంతి ఉంది చూశారూ" అన్నారు ఆయన. "అది చేతిలోంచి వచ్చేటప్పుడు ఎక్కడికీ పోయే తొందర లేనట్టు వస్తుంది. బ్యాటు పట్టుకున్నవాడు ఇంకా రాలేదులే అనుకుంటాడు. సగం దారిలో దానికి ఏదో గుర్తొస్తుంది. అంతే, వాడు కళ్ళు తెరిచేసరికి వచ్చేసి ఉంటుంది. ఇది నేర్పితే వచ్చేది కాదు. నేను ఈ పనిలో తల నెరిసినవాణ్ణి. ఇలాంటి బంతి కోసమే ఇన్ని బస్సులు ఎక్కాను. అది ఈ ఒక్క వేసవికి ఖర్చయిపోతే, చూసిన నా కళ్ళకే నష్టం."

కుర్చీ మడిచి లేచి నిలబడ్డారు. టీ పోసిన మనిషికి ఎవరూ అంత వంగి నమస్కరించరు. ఆయన నడుము పూర్తిగా వంచారు.

"నేను ఇవాళ ఎడమచేతి పిల్లవాడి తల్లితో మాట్లాడలేదు. క్యాచర్ తల్లితో మాట్లాడాను. అంతే కదమ్మా?"

"అంతేనండి" అన్నాను.

ఆయన బస్సు మలుపు తిరిగేదాకా కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మా అబద్ధం ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది. దాన్ని గొడుగులా వేసుకుని, చెప్పకూడని మాట చెప్పి వెళ్ళారు.

ఇంటికి వచ్చాక పిల్లవాణ్ణి చూడటం మొదలుపెట్టాను. అంతకుముందు చూడలేదా అంటే, చూశాను. ఉతికాను, వడ్డించాను, నిద్రలేపాను. చూసి మాత్రం ఉండను. వాడు తల రుద్దుకునేది కుడిచేత్తో. మొహం తుడుచుకునే గుడ్డను పిండడానికి ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస కుడిచేత్తో తిప్పుతున్నాడు. నిద్రలో ఎడమచేతి కింద దిండు. ఒకరోజు స్నానం చేసి వచ్చాక, "చేయి చాపు" అన్నాను.

"ఎందుకు?"

"చొక్కా కొలత."

చాపాడు. ఆ చేయి తిన్నగా రాలేదు. మధ్యలో ఆగిపోయింది.

"ఎప్పట్నుంచిరా?"

"చెర్రీపూలు రాలినప్పట్నుంచి."

"మాస్టారికి చెప్పావా?"

"చెబితే ఆపేస్తారు. ఆఖరి వేసవమ్మా. మూడో ఏడుతో బడి అయిపోయేవాళ్ళకి మళ్ళీ ఇంకోటి లేదు. కెంజీకి లేదు. ఎవరికీ లేదు." చేయి వెనక్కి లాక్కుని, "నువ్వూ చెప్పకు. చెబితే నేను నీతో మాట్లాడను" అన్నాడు.

మీ ఉత్తరం ఆ మర్నాడే వచ్చింది. నొప్పిని మింగమన్న మీ వాక్యం దగ్గర చదవడం ఆపాను. మీరు చెప్పింది తప్పని కాదు. మీ చేతులు మంచులో కోసుకుపోయాయి గనకే ఈ కప్పు మీద తారు ఉంది. కానీ వాడు అప్పటికే మింగుతున్నాడు. మీ మాట వింటే ఇంకా మింగుతాడు. అందుకని ఆ పంక్తి దాటేసి, కింద ఉన్న వాతావరణం సంగతి చదివాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. వాడికి చెప్పకుండా, మీకు తంతి అయినా కొట్టకుండా, అత్తయ్యను అడగకుండా, నేను ఆట నేర్పే కుబో మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఈ వేసవి పోటీల్లో నొబు చేత బంతి వేయించవద్దని వంగి అడిగాను.

మాస్టారు అప్పుడు మట్టిదిబ్బను చదును చేస్తున్నారు. పిల్లలు వెళ్ళిపోయాక ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వరు. చేతిలో పార ఆగలేదు.

"వాడు నాతో ఒక్క మాట కూడా అనలేదు" అన్నారు.

"అనడండి. అనకుండా ఉండటమే కదా వాడు ఇక్కడ నేర్చుకున్నది."

అలా అంటానని అనుకోలేదు. నోటినుంచి వచ్చేసింది. ఆయనకు కోపం వస్తుందని చూశాను. రాలేదు. దిబ్బ మధ్యలో వాడి కాలు పడి పడి గుంట పడిన చోట కొత్త మట్టి పోసి, చేత్తో నొక్కారు.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. గ్లవ్‌లో శబ్దం మారింది."

మాస్టారు చేతుల మట్టి దులుపుకున్నారు. "నాకూ వినిపించింది" అన్నారు. "వానాకాలం గదా, తోలు నానిందనుకున్నాను. అనుకోవాలనిపించింది."

వాడి చేత వేయించనని మాస్టారు మాటిచ్చాక, జట్టు పిల్లల తల్లుల ఇళ్ళకు వెళ్ళాను. వాళ్ళ పిల్లల ఆఖరి వేసవిని నేను తీసుకున్నాను కాబట్టి, ఆ మాట వాళ్ళు నా నోటే వినాలి. ప్రతి ఇంటికీ బివా పండ్లు పట్టుకెళ్ళాను. కొందరు లోపలికి రమ్మన్నారు. ఒకామె పండ్లు తీసుకోకుండా తలుపు జరిపేసింది. తలుపు వెనక ఆమె ఏడుస్తున్నది వినిపించింది. ఆమెను తప్పు పట్టను.

టోఫు కొట్టుకు ఆఖరున వెళ్ళాను. తొకియె నీళ్ళలో చేతులు పెట్టి టోఫు కోస్తోంది. నేను చెప్పినంతసేపూ కోస్తూనే ఉంది.

"మా వాడు మూడేళ్ళు ఆ బంతి పట్టాడు. వాడి అరచెయ్యి చూశావా వదినా?"

"చూశాను."

"బొటనవేలు వంగదు."

"తెలుసు."

"తెలిసే వచ్చావు."

"తెలిసే వచ్చాను."

కత్తి పక్కన పెట్టింది. "నేను నీ కొడుక్కి ఒక పూట తల్లినయ్యాను కదా. నడుం వంచరా అని అరిచాను. మోచేయి చూసుకున్నానా? లేదు. ఆ ఒక్క పూటైనా నేనూ చూడలేదు" అంది. ఆ తర్వాత ఒక టోఫు గడ్డను గిన్నెలో వేసి నా ముందుకు తోసింది. "పో. పండ్లు అక్కడ పెట్టి ఇది పట్టుకుపో. మీ అత్తగారికి పళ్ళు లేవు. నీ మీద కోపం తగ్గిందనుకోకు. ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది."

పోటీల్లో రెండో ఆటలో ఓడిపోయాం. రెండో ఏడు పిల్లవాడొకడు కుడిచేత్తో బంతి వేశాడు. బాగానే వేశాడు, కానీ మన బంతి కాదది. నొబు ఆటంతా పక్కన నిలబడి, మిగతావాళ్ళకు నీళ్ళు అందించాడు. ఓడిన తర్వాత వరసలో నిలబడి అందరితోపాటు వంగాడు, అందరికంటే ఆలస్యంగా లేచాడు. నేను మెట్ల మీద తొకియె పక్కన కూర్చున్నాను. మా మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలింది. అయినా కూర్చుంది.

కోచి పట్నంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మోచేతిలో చిన్న ఎముక ముక్క విడిపోయిందట. కొత్త సంవత్సరం దాకా బంతి ముట్టుకోకూడదట. మళ్ళీ వేయగలడా అంటే డాక్టరు అవునని తలూపలేదు, కాదనీ ఊపలేదు. ఇవాగకి గారు ఆ తర్వాత రాలేదు. రాసుకోవలసింది ఏం రాసుకున్నారో తెలియదు. వల వెనక ఆయన కుర్చీ వేసే చోట గడ్డి మళ్ళీ నిటారుగా లేచింది.

నొబు అన్న మాట నిలబెట్టుకున్నాడు. నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, బట్టలిస్తే తొడుక్కున్నాడు. మాట మాత్రం లేదు. అత్తయ్య మా ఇద్దరినీ చూసి, "ఈ ఇంట్లో నా మోకాళ్ళు ఒక్కటే మాట్లాడుతున్నాయి" అన్నారు.

నాలుగు రోజుల కిందట మధ్యాహ్నం వాన పడింది. ఆరిన దుప్పట్లు పరుగున లోపలికి తెచ్చి మడతపెడుతున్నాను. వాడు వచ్చి రెండో కొస కుడిచేత్తో పట్టుకున్నాడు. ఇల్లంతా నీలంగా, వాన వెలుగులో తేలుతున్నట్టు ఉంది. వాడు దుప్పటినే చూస్తూ అడిగాడు.

"ఆయన నిజంగా ఏమన్నాడు?"

ఇవాగకి గారితో మాట్లాడినట్టు నేను వాడికి చెప్పలేదు. తొకియె చెప్పి ఉంటుంది. చేయి గురించి అన్నవి చెప్పాను. "అవి కాదు" అన్నాడు. అప్పుడు బంతి గురించి అన్నవి చెప్పాను. తొందర లేనట్టు రావడం, సగం దారిలో గుర్తురావడం, ఇన్ని బస్సులు ఎక్కడం, అన్నీ.

వాడు మడత సరిచేస్తున్నట్టు తల దించుకున్నాడు. "ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను. పక్కగదిలోంచి అత్తయ్య, "గట్టిగా చెప్పవే సుమియె, నా మనవడి మాట నేను వినొద్దా" అన్నారు. గట్టిగా చెప్పాను. ఆ మూడోసారి దుప్పటినే చూస్తూ చెప్పాను. వాడి మొహం చూడలేదు. చూడకూడదనిపించింది.

"నాన్నకి రాశావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"రాయి. నువ్వు చేసింది కూడా రాయి."

రాశాను. మీరు సముద్రం అవతల ఉండగా మీ కొడుకు చేయి గురించి నేనొక్కదాన్నే తీర్పు చెప్పాను. ఒకవేళ ఆ చేయి మళ్ళీ బంతి వేయకపోతే, ఆ ఒక్క వేసవినైనా వాడికి ఎందుకు మిగల్చలేదని మీరు అడగవచ్చు. నాకు తెలిసిందల్లా అది తిన్నగా చాపడానికి రాని చేయి అని. మీ కోపం ఎంతైనా నాకు రాయండి, చదువుకుంటాను.

కానీ వాడికి వేరే కాగితం మీద, మీ చేత్తో నాలుగు ముక్కలు రాయండి. ఇది నేను అడిగేది. ఈసారి మీరు రాసినదంతా, ఒక్క వాక్యం కూడా దాటేయకుండా వాడికి చదివి వినిపిస్తాను. కాబట్టి చూసుకుని రాయండి. ఎంత వేగంగా వేస్తావని అడగకండి. మళ్ళీ ఎప్పుడు వేస్తావనీ అడగకండి. నొప్పిగా ఉందా అని అడగండి. ఆ మాట ఇంతవరకూ మగవాళ్ళెవరూ వాణ్ణి అడగలేదు.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
మీ ఇల్లాలు,
సుమియె